అవతలి తెర మీద కర్త ఎవరు?

రిమోట్ డెస్క్‌టాప్ అంటే ఒకచోట కూర్చుని, మరోచోట ఉన్న కంప్యూటర్‌ను ఎదుట ఉన్నట్టే నడపడం. ఇందులో మనిషి కదలడు, అవతలి యంత్రమూ కదలదు. ఇటునుంచి అటు వెళ్లేవి మీటల నొక్కుళ్లు, మౌస్ కదలికలు. అటునుంచి ఇటు వచ్చేది తెర బొమ్మ. విండోస్ యంత్రాల మధ్య ఈ రాకపోకలు నడిపే పద్ధతికి రిమోట్ డెస్క్‌టాప్ ప్రోటోకాల్, క్లుప్తంగా ఆర్‌డీపీ, అని పేరు. మైక్రోసాఫ్ట్ దీన్ని 1998లో విండోస్ ఎన్‌టీ 4.0 టెర్మినల్ సర్వర్ ఎడిషన్‌తో తెచ్చింది. 2001లో విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్‌లో చేర్చాక మామూలు ఆఫీసులకూ అలవాటైంది. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టు చేసే అడ్మిన్, డాలస్‌లోని సర్వర్‌లో ఆగిపోయిన సర్వీసును మళ్లీ నడిపించేది ఈ దారినే. ఆ సర్వర్ తెర మీద బాణం గుర్తు కదులుతుంది, ఒక కిటికీ తెరుచుకుంటుంది, ఒక గడిలో అంకె మారుతుంది. కదిలించిన చెయ్యి మాత్రం ఆ గదిలో లేదు.

అలా జరిగిన పనికి కర్త ఎవరన్నది తత్త్వశాస్త్రానికి పాత ప్రశ్న, కంప్యూటర్లు నడిపే సంస్థలకు రోజువారీ ప్రశ్న. యాక్సెస్ మేనేజ్‌మెంట్ ప్లాట్‌ఫామ్ అనే ఏర్పాటును చాలామంది తాళంగా చూస్తారు. దొంగను ఆపడం దాని పనే, సందేహం లేదు. అంతకన్నా లోతైన పని ఒకటి దానికి ఉంది: అవతలి యంత్రంలో జరిగే ప్రతి పనికీ ఒక కర్త మిగిలి ఉండేలా చూడడం. కనెక్షన్లు అమర్చేటప్పుడు తీసుకునే ప్రతి నిర్ణయమూ, పోర్టు దగ్గరనుంచి పాస్‌వర్డ్ దాకా, చివరికి ఈ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తుంది.

కర్త అంటే ఏమిటో భారతీయ శాస్త్రాలు జాగ్రత్తగా తేల్చాయి. పాణిని వ్యాకరణంలో క్రియ జరగడంలో స్వతంత్రంగా ఉన్నది కర్త; క్రియ నెరవేరడానికి అన్నిటికన్నా ఎక్కువగా తోడ్పడేది కరణం; క్రియకు చోటిచ్చేది అధికరణం. కర్తను పురికొల్పి చేయించేవాడికి పాణిని విడిగా మరో పేరు ఇచ్చాడు. గొడ్డలితో కట్టెలు కొట్టేవాడి విషయంలో మనిషి కర్త, గొడ్డలి కరణం. న్యాయదర్శనాన్ని అనుసరించే నైయాయికులు ఇంకో అడుగు ముందుకు వేశారు. దేనితో ఏది చేయాలో తెలిసి ఉండడం, చేయాలన్న కోరిక, చేసే ప్రయత్నం, ఈ మూడూ ఒకచోట ఉంటేనే కర్తృత్వం అన్నారు. ఈ కొలతతో చూస్తే అవతలి సర్వర్ కర్త కాదు, అది అధికరణం. మౌస్, నెట్‌వర్క్, పాస్‌వర్డ్ కరణాలు. మరి ‘అడ్మినిస్ట్రేటర్’ అనే ఖాతా? దానికి జ్ఞానం లేదు, కోరిక లేదు, ప్రయత్నమూ లేదు. అదొక వేషం, ఎవరు వేసుకుంటే వారిది. ఇబ్బంది ఏమిటంటే, సర్వర్ చూడగలిగేది వేషాన్నే. ఎవరైనా ఆర్‌డీపీ ద్వారా లోపలికి వచ్చినప్పుడు విండోస్ తన భద్రతా చిట్టాలో 4624 అనే నంబరుతో, పదో రకం లాగిన్‌గా ఒక నమోదు రాసుకుంటుంది. అందులో ఖాతా పేరు ఉంటుంది, వచ్చిన చిరునామా ఉంటుంది. ఒకే వేషాన్ని అయిదుగురు పంచుకుంటే ఆ అయిదుగురిలో వచ్చింది ఎవరో ఆ నమోదు చెప్పలేదు.

వేషం వెనక మనిషిని పట్టుకోవడం ఎంత కష్టమో పరకాయ ప్రవేశం కథలు ఎప్పుడో చెప్పాయి. శంకరాచార్యులు అమరుక మహారాజు దేహంలో ప్రవేశించిన కథ తెలుగువారికి బాగా తెలిసిందే. ఈ విషయానికి మరింత దగ్గరైనది సోమదేవుడు 11వ శతాబ్దంలో కశ్మీరంలో రచించిన కథాసరిత్సాగరంలో ఉంది. వర్షుడనే గురువు కోటి బంగారు నాణేలు దక్షిణగా అడుగుతాడు. ఆ ధనం కోసం ఆయన శిష్యులు వరరుచి, వ్యాడి, ఇంద్రదత్తుడు నందరాజు దగ్గరికి వెళ్లేసరికి రాజు అప్పుడే చనిపోయి ఉంటాడు. యోగం తెలిసిన ఇంద్రదత్తుడు తన దేహాన్ని ఒక పాడుపడిన గుడిలో వ్యాడి కాపలాలో ఉంచి, రాజు దేహంలోకి వెళతాడు. రాజు లేచి కూర్చుంటాడు. వరరుచి వచ్చి కోటి అడగగానే ఇవ్వమని ఆజ్ఞ వేస్తాడు. శకటాలుడనే మంత్రి అక్కడ ఆగి ఆలోచిస్తాడు. చనిపోయిన రాజు బతకడమేమిటి, బతికిన మరుక్షణమే ఒక యాచకుడు రావడమేమిటి, కోటి ఇమ్మనడమేమిటి? గొంతు రాజుదే, ముద్ర రాజుదే, సింహాసనమూ రాజుదే. నడత మాత్రం రాజుది కాదు. రాజ్యంలో ఎక్కడ శవం కనబడినా కాల్చెయ్యమని మంత్రి ఉత్తరువు ఇస్తాడు. గుడిలోని దేహం కాలిపోతుంది, ఇంద్రదత్తుడు రాజు దేహంలోనే చిక్కుకుపోతాడు.

ఇప్పటి భద్రతా వ్యవస్థలు ఖాతా పేరు చూసి ఊరుకోకుండా నడతలో తేడాను కనిపెట్టే పని శకటాలుడు చేసినదే. ఆ కథలో ఇంకో సంగతీ ఉంది. ప్రవేశించినవాడు ఎవరో ఆ ఉత్తరువు ఇచ్చేటప్పటికి మంత్రికి తెలియదు. తెలియనందువల్లే ఊళ్లో శవాలన్నీ కాల్చమన్నాడు. కర్త దొరకనప్పుడు శిక్ష గురి తప్పుతుంది, అందరి మీదా పడుతుంది. ఇంగ్లండులో తత్త్వవేత్త జాన్ లాక్ 1694లో తన గ్రంథం రెండో కూర్పుకు చేర్చిన అధ్యాయంలో, ఒక రాజకుమారుడి చైతన్యం చెప్పులు కుట్టేవాడి దేహంలో చేరితే అతను ఎవరని అడిగాడు. వ్యక్తి రాజకుమారుడే అన్నాడు. వ్యక్తి అనే మాట న్యాయస్థానానికి సంబంధించినదని, చేసిన పనులనూ వాటి మంచిచెడ్డలనూ ఎవరికి చెందించాలో చెప్పడానికే అది ఉందని వాదించాడు. లాక్ చైతన్యాన్ని పట్టుకుని జవాబు చెప్పగలిగాడు. సర్వర్‌కు చైతన్యం కనబడదు కాబట్టి దానికి వేరే సాక్ష్యం కావాలి.

ఆ సాక్ష్యం లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, ఓల్డ్స్‌మార్ అనే చిన్న ఊరి నీటిశుద్ధి కేంద్రం ఉదంతం చూపిస్తుంది. 2021 ఫిబ్రవరి 5 ఉదయం అక్కడి ఉద్యోగి తన కంప్యూటర్‌లోకి ఎవరో దూరంనుంచి వచ్చారని గమనించాడు. పైఅధికారులు అలా రావడం మామూలే కనుక పట్టించుకోలేదు. మధ్యాహ్నం మళ్లీ బాణం గుర్తు దానంతటదే కదిలింది. ఒక్కో తెరా తెరుచుకుంది. నీటిలో కలిపే సోడియం హైడ్రాక్సైడ్ మోతాదు గడిలో 100 ఉన్న అంకె 11,100 అయింది. ఉద్యోగి వెంటనే దాన్ని 100కు తెచ్చాడు. నీటికి ఏమీ కాలేదు. అక్కడ దూరప్రవేశానికి వాడుతున్నది టీమ్‌వ్యూయర్ అనే సాఫ్ట్‌వేర్, కంప్యూటర్లన్నిటికీ పాస్‌వర్డ్ ఒకటే. బయటి దుండగుడి పని అని అప్పట్లో ప్రపంచమంతా వార్త పాకింది. రెండేళ్ల తర్వాత, 2023లో, అప్పటి నగర మేనేజర్‌గా పనిచేసిన వ్యక్తి అది ఉద్యోగి పొరపాటే అయి ఉంటుందన్నాడు. బయటివారు చొరబడ్డారని తాము నిర్ధారించలేకపోయామని ఎఫ్‌బీఐ తెలిపింది. బాణం కదిలిన మాట నిజం, అంకె మారిన మాట నిజం. అది దాడో పొరపాటో తేల్చడానికి ముందు కర్త దొరకాలి. ఆ కర్తను చెరిపేసింది అందరూ పంచుకున్న ఆ ఒక్క పాస్‌వర్డే. ఈ ఉదంతంలో మనసును కలచవలసింది 11,100 అనే అంకె కాదు. ఉదయం ఎవరో వచ్చారని చూసి కూడా, ఎవరని అడగనవసరం లేనంతగా ఆ రాక మామూలైపోవడం.

యాక్సెస్ మేనేజ్‌మెంట్ ప్లాట్‌ఫామ్ మనిషికీ యంత్రానికీ నడుమ నిలబడుతుంది. ఎవరు, దేనిలోకి, ఏ ఖాతాతో, ఎంతసేపు, ఎందుకు అన్న ప్రశ్నలు అక్కడే అడుగుతారు. ఆ ప్రశ్నలన్నిటి మూలం అధికారం అనే భావన. వాడుకలో ఈ మాటకు పెత్తనం అన్న అర్థం స్థిరపడిపోయింది గాని, వైదిక కర్మలను విచారించే మీమాంసలో దాని అర్థం వేరు. జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మొత్తం అధికార విచారణే. ఫలానా కర్మకు ఎవరు తగినవారు అన్నది అక్కడి ప్రశ్న. ఆ ఫలం కోరేవాడై ఉండాలి, చేసే శక్తి ఉండాలి, చేసే విధానం తెలిసి ఉండాలి, శాస్త్రం నిషేధించకూడదు. అంటే అధికారం ఒక మనిషి దగ్గర మూటగట్టి ఉండే వస్తువు కాదు. ఒక పనికీ ఒక మనిషికీ నడుమ ఉండే సంబంధం అది. పని మారితే మళ్లీ విచారించాల్సిందే.

ఈ అధ్యాయానికి చీకటి పార్శ్వమూ ఉంది, దాన్ని దాచిపెట్టి మాట్లాడడం తగదు. యజ్ఞాధికారం అందరికీ ఉందని బాదరి అనే ఆచార్యుడు అన్నట్టు అదే అధ్యాయం చెబుతుంది. చెప్పి, ఆ మాటను తోసిపుచ్చి, శూద్రులకు అధికారం లేదని తేలుస్తుంది. కోరిక, శక్తి, జ్ఞానం అనే కొలతలు పెట్టుకున్న విచారణ పుట్టుక దగ్గరికి వచ్చేసరికి తన కొలతనే వదిలేసింది. బాదరి పక్షమే ఆ కొలతకు నమ్మకంగా నిలిచింది. కంప్యూటర్ గదిలోనూ ఇదే పొరపాటు వేరే రూపంలో కనబడుతుంది. పెద్ద హోదాలో ఉన్నారు కాబట్టి అన్ని సర్వర్లలోకీ అడ్మిన్ ప్రవేశం ఇవ్వడం, కొత్తగా చేరారు కాబట్టి చేయవలసిన పనికి కావలసినంత కూడా ఇవ్వకపోవడం. 1975లో సాల్ట్‌జర్, ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు రక్షణకు ఎనిమిది సూత్రాలు రాశారు. ప్రతి ఒక్కరికీ పనికి సరిపడేంత మాత్రమే అధికారం ఉండాలన్నది వాటిలో ఒకటి. ప్రతి ప్రవేశాన్నీ ప్రతిసారీ పరీక్షించాలన్నది మరొకటి. హోదాకు అక్కడ చోటు లేదు.

ఈ సూత్రాల ప్రకారం కనెక్షన్ అమర్చే పని అవతలి యంత్రం దగ్గర మొదలవుతుంది. విండోస్ సెట్టింగుల్లో రిమోట్ డెస్క్‌టాప్‌ను అనుమతించాలి. హోమ్ ఎడిషన్‌కు ఇలా బయటివారిని లోపలికి రానిచ్చే సౌకర్యం లేదు, ప్రో, సర్వర్ వంటి ఎడిషన్ కావాలి. నెట్‌వర్క్ లెవల్ అథెంటికేషన్ అనే ఎంపికను తప్పనిసరిగా ఉంచాలి. అది ఉంటే వచ్చినవాడు ఎవరో తేలాకే సర్వర్ తెర తయారు చేస్తుంది. లేకపోతే ముందు గుమ్మం లోపలికి రానిచ్చి తర్వాత పేరు అడిగినట్టవుతుంది. 2019 మే నెలలో బ్లూకీప్ అనే లోపం బయటపడినప్పుడు ఈ తేడా ఎంత విలువైనదో తెలిసింది. లాగిన్ కాకుండానే పాత విండోస్ యంత్రాలను స్వాధీనం చేసుకునే వీలు ఆ లోపంలో ఉండేది. ప్రవేశం అవసరమైన ఖాతాలను రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్ అనే గుంపులో చేర్చాలి; అడ్మినిస్ట్రేటర్ల గుంపులో పడేయడం సులువైన దారే గాని తప్పుదారి. ఆర్‌డీపీ ద్వారమైన 3389 పోర్టును ఇంటర్నెట్‌కు తెరవకూడదు. ప్లాట్‌ఫామ్ గేట్‌వే చిరునామానుంచి వచ్చే రాకపోకలకు మాత్రమే ఫైర్‌వాల్‌లో దారి ఇవ్వాలి. దేహాన్ని తొమ్మిది ద్వారాల పురమని భగవద్గీత, శ్వేతాశ్వతరోపనిషత్తు వర్ణించాయి. సర్వర్‌కు ద్వారాలు వేలల్లో ఉంటాయి. తెరిచినది ఏదో, ఎవరి కోసమో ఆ పురాన్ని పాలించేవారికి తెలిసి ఉండాలి.

ఇక మనిషికీ సర్వర్‌కూ నడుమ నిలిచే గేట్‌వే. స్వేచ్ఛగా దొరికే వాటిలో అపాచీ గ్వాకమోలీ మంచి ఉదాహరణ. గ్వాక్‌డీ అనే భాగం ఆర్‌డీపీ భాషలో సర్వర్‌తో మాట్లాడి, ఆ తెరను మామూలు బ్రౌజర్‌లో చూపిస్తుంది. మనిషి గేట్‌వేలో సొంత పేరుతో, రెండో గుర్తింపుగా ఫోన్‌లో వచ్చే కోడ్‌తో లాగిన్ అవుతాడు. అతని పేరుకు కేటాయించిన కనెక్షన్లు మాత్రమే అతనికి కనబడతాయి. ఒక్కో కనెక్షన్‌కూ సర్వర్ చిరునామా, పోర్టు, భద్రతా పద్ధతి రాయాలి. సర్వర్ సర్టిఫికెట్‌ను పట్టించుకోవద్దు అనే గడి ఒకటి అక్కడ కనబడుతుంది. తొందరలో చాలామంది దాన్ని టిక్ చేసేస్తారు. ఆ టిక్‌తో గేట్‌వే ఏ యంత్రంలోకి వెళుతోందో చూసుకోవడం మానేస్తుంది. ప్రవేశించేవాడు ఎవరో తెలియడం ఎంత ముఖ్యమో, ప్రవేశిస్తున్నది దేనిలోనో తెలియడమూ అంతే ముఖ్యం. కాపీ పేస్టు, ఫైళ్ల బదిలీ అవసరమైన చోట తప్ప మూసి ఉంచాలి. లేకపోతే అవతలి యంత్రంలోని సమాచారం ఏ నమోదూ లేకుండా ఇవతలికి జారిపోతుంది.

పెద్ద సంస్థలు వాడే ప్లాట్‌ఫాముల్లో దీనికి ముందు అభ్యర్థన అనే మెట్టు ఉంటుంది. ప్రవేశం కోరేవాడు తన పేరు, యంత్రం పేరు, ఏ సమయంనుంచి ఏ సమయం వరకు, ఏ టికెట్ నంబరు మీద, ఏ పని కోసం అన్నవి రాయాలి. బాధ్యుడైన మరొకరు ఒప్పుకోవాలి. తెలుగిళ్లలో ఏ వ్రతమైనా, పెళ్లయినా మొదట చెప్పే సంకల్పానికి ఇది చాలా దగ్గర. పురోహితుడు సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం చెబుతాడు. కూర్చున్న చోటు శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ ఉందో చెబుతాడు. గోత్రం, పేరు చెప్పిస్తాడు. ఏ ఫలం కోరి చేస్తున్నదీ చెప్పించి నీళ్లు వదిలిస్తాడు. న్యూజెర్సీలో సత్యనారాయణ వ్రతం చేసుకునే కుటుంబానికి ఆ చోటు వివరాలు మార్చి చెబుతారు గాని, చోటు చెప్పకుండా వదిలెయ్యరు. సంకల్పం లేని కర్మకు ఫలం ఎవరికి చెందాలో తెలియదు. అభ్యర్థన పత్రంలో కారణం గడిలో ‘పని ఉంది’ అని రాసి పంపడం, అడిగినవి అడిగినట్టు చదవకుండానే ఒప్పేసుకోవడం సంకల్పాన్ని పెదవులతో గొణిగేయడం లాంటిది. అమరిక ఎంత బాగున్నా ఈ అలవాటు ఒక్కటి దాన్ని బోలుగా మార్చేస్తుంది.

ఒప్పుకోలు దొరికాక జరిగేది అన్నిటికన్నా ఆసక్తికరం. సర్వర్‌లోని శక్తిమంతమైన ఖాతా పాస్‌వర్డ్ ఆ మనిషికి ఇవ్వరు. అది వాల్ట్‌లో, అంటే గుప్తలిపిలో దాచిన ఖజానాలో ఉంటుంది. గేట్‌వే దాన్ని తీసి, తానే సర్వర్‌కు అందించి, తెరను మాత్రం మనిషి ముందు పెడుతుంది. పని అయ్యాక ఆ పాస్‌వర్డ్‌ను మార్చేస్తుంది. మనిషి ఎప్పుడూ చూడని తాళంచెవితో తలుపు తెరుచుకుంది. మరి కర్త మనిషా, గేట్‌వేనా? మీమాంసకులు ప్రతినిధి విచారణలో దీనికి పనికొచ్చే తేడా చూపించారు. యజ్ఞంలో చెప్పిన ధాన్యం దొరకకపోతే దాన్ని పోలిన మరో ధాన్యాన్ని ప్రతినిధిగా వాడవచ్చు. ద్రవ్యానికి ప్రతినిధి ఉంది. యజమానికి మాత్రం ప్రతినిధి లేడు. ఋత్విక్కులు ఎంతమంది చేతులు ఆడించినా సంకల్పం చెప్పుకున్నవాడే యజమాని, ఫలం అతనిదే. పాస్‌వర్డ్ ద్రవ్యం వంటిది. దాన్ని వాల్ట్ అందించినా, రోజుకొకటి మార్చినా కర్మ చెడదు. మనిషి గుర్తింపు యజమాని స్థానం. దానికి బదులు మరొకటి పెట్టకూడదు. తన లాగిన్ స్నేహితుడికి ఇచ్చి టిఫిన్‌కు వెళ్లే ఉద్యోగి, ‘అందరం ఒకటే టీమ్ కదా’ అనుకుంటూ, చేస్తున్నది సరిగ్గా ఆ కూడని పనే.

మధ్యవర్తికి ప్రమాదం ఇంకొకటి ఉంది. నార్మ్ హార్డీ అనే కంప్యూటర్ నిపుణుడు 1988లో ఒక చిన్న వ్యాసంలో దాన్ని వివరించాడు. ఒక కంపైలర్‌కు లెక్కలు రాసుకోవడానికని సంస్థ ఒక ప్రత్యేక చోట రాసే అనుమతి ఇచ్చింది. ఒక వాడుకరి తన ఫలితాలు దాచమంటూ ఒక ఫైలు పేరు చెప్పాడు. అది ఆ ప్రత్యేక చోటనే ఉన్న బిల్లుల ఫైలు పేరు. కంపైలర్ తనకున్న అనుమతితో దాని మీద రాసేసింది, సంస్థ బిల్లులు పోయాయి. వాడుకరికి ఆ ఫైలును ముట్టుకునే హక్కు లేదు, కంపైలర్‌కు ఉంది. ఎవరి అధికారంతో ఎవరి పని చేస్తున్నదీ కంపైలర్‌కు తెలియలేదు. గేట్‌వే స్థితి కూడా ఇదే. దాని వాల్ట్‌లో అన్ని సర్వర్ల తాళాలూ ఉంటాయి. అందువల్ల ప్రతి కనెక్షన్‌నూ తన శక్తితో కాక, అడిగిన మనిషి అధికారంతో కొలిచి తెరిచేలా దాన్ని అమర్చాలి. గేట్‌వే అడ్మినే తన అభ్యర్థనను తానే ఒప్పుకునే వీలుంటే ఆ కొలత పోయినట్టే.

కనెక్షన్ తెరుచుకున్న తర్వాత మిగిలేది సాక్షి. ముండకోపనిషత్తులో ఒకే చెట్టు మీద ఉన్న రెండు పక్షుల్లో ఒకటి పండు తింటుంది, రెండోది తినకుండా చూస్తూ ఉంటుంది. గీత పదమూడో అధ్యాయం దేహంలోని పరమపురుషుణ్ణి ఉపద్రష్ట అనీ అనుమంత అనీ పిలిచింది; దగ్గరుండి చూసేవాడు, ఒప్పుకునేవాడు అని అర్థం. యజ్ఞశాలలోనూ ఇలాంటి స్థానం ఉంది. బ్రహ్మ అనే ఋత్విక్కు దక్షిణ దిక్కున మౌనంగా కూర్చుని మిగతా ముగ్గురి పనినీ గమనిస్తాడు, తప్పు జరిగితే ప్రాయశ్చిత్తం చేయిస్తాడు. నాలుగు వేదాల పని తెలిసినవాడు ఏ వేదమూ చదవకుండా కూర్చోవడం వృథా అనిపించవచ్చు. చూసేవాడు చేసేవారిలో కలిసిపోతే చూపు పోతుందని ఆ విధి పెట్టినవారికి తెలుసు. సెషన్ రికార్డింగ్ అలాంటి స్థానం. గ్వాకమోలీలో కనెక్షన్‌కు రికార్డింగ్ దాచే చోటు రాస్తే, తెర మీద జరిగినదంతా తర్వాత మళ్లీ చూడవచ్చు. చిట్టాలో ‘సర్వీసు ఆపబడింది’ అని ఒక వాక్యం ఉంటుంది. రికార్డింగ్‌లో బాణం గుర్తు ఆ మీట మీద ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చిందీ కనబడుతుంది. పొరపాటుకూ పన్నాగానికీ తేడా చాలాసార్లు ఆ ఆగడంలోనే దొరుకుతుంది.

సాక్షిని నియమించగానే అనవస్థ, అంటే అంతులేని ప్రశ్నల గొలుసు, ఎదురవుతుంది. చూసేవాణ్ణి చూసేది ఎవరు, వాణ్ణి చూసేది ఎవరు? అద్వైతులు సాక్షిచైతన్యాన్ని స్వయంప్రకాశమని చెప్పి ఆ గొలుసును ఆపారు. దీపాన్ని చూడడానికి మరో దీపం అక్కరలేదు. యంత్రంలోని సాక్షికి ఆ భాగ్యం లేదు. రికార్డింగ్ ఒక ఫైలు, ఫైలును చెరపవచ్చు. అందుకని ఉన్న దారి గొలుసులోని కొసలను వేరువేరు చేతుల్లో పెట్టడమే. చిట్టాలు, రికార్డింగులు పుట్టిన వెంటనే మరో యంత్రానికి వెళ్లాలి. గేట్‌వేను నడిపేవారికి అక్కడ చెరిపే హక్కు ఉండకూడదు. అక్కడివారికి గేట్‌వే తాళాలు ఉండకూడదు. ఇది స్వయంప్రకాశం కాదు. ఇద్దరు కూడబలుక్కుంటే తప్ప అబద్ధం సాగని ఏర్పాటు. మనుషులు కట్టగలిగే సాక్షి ఇంతవరకే.

సాక్షికి హద్దు కూడా ఉండాలి. చూసే పక్షి చెట్టు మీద జరిగేదాన్నే చూసింది, తినే పక్షి గూటిని వెతకలేదు. రికార్డింగ్ జరుగుతోందని కనెక్షన్ తెరుచుకునే ముందే మనిషికి తెర మీద చెప్పాలి. రికార్డు కావలసింది సర్వర్ తెర. ఉద్యోగి సొంత కంప్యూటర్ తెర కాదు, అతని గది కాదు. నొక్కిన ప్రతి మీటనూ దాచే వీలు గ్వాకమోలీలో ఉన్నా, విడిగా అడిగితే తప్ప అది పనిచెయ్యదు. అలా ఉండడం సబబు, ఎందుకంటే మీటల్లో పాస్‌వర్డులూ పడతాయి. కర్తను కాపాడే పేరుతో మనిషిని నిందితుడిగా చూడడం మొదలైతే, మంచి ఉద్యోగులే ప్లాట్‌ఫామ్‌ను తప్పించుకునే దొడ్డిదారులు వెతుకుతారు.

ప్లాట్‌ఫామ్ తానే పడిపోయిన రాత్రి కోసం ఒక మినహాయింపు ఉంచాలి. అద్దం పగలగొట్టి తీసుకునే తాళంచెవి అనే పోలికతో దీన్ని బ్రేక్‌గ్లాస్ ఖాతా అంటారు. భారతీయ సంప్రదాయంలో దీని పేరు ఆపద్ధర్మం. దాని కొలతను ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుడి కథకన్నా బాగా చెప్పినది లేదు. కురుదేశంలో పంటలు పోయి కరవు వచ్చింది. ఆకలితో ఉన్న ఉషస్తి, కుల్మాషాలు అనే ముతక ధాన్యం తింటున్న ఒక మావటిని పెట్టమని అడిగాడు. ఎంగిలివి తప్ప వేరే లేవని అతనంటే, అవే ఇమ్మని తిన్నాడు. తర్వాత మావటి తాగగా మిగిలిన నీళ్లు ఇవ్వబోతే వద్దన్నాడు. అవి ఎంగిలివి కావా అని అతను అడిగితే, ఇవి తినకపోతే బతికేవాణ్ణి కాను, నీళ్లు మాత్రం నాకు కావలసినచోట దొరుకుతాయి అని జవాబిచ్చాడు. ఆపద ఎంతవరకో మినహాయింపూ అంతవరకే. బ్రేక్‌గ్లాస్ పాస్‌వర్డ్‌ను రెండు భాగాలుగా ఇద్దరి దగ్గర, సీలువేసి ఉంచాలి. వాడిన క్షణమే అందరికీ హెచ్చరిక వెళ్లాలి. ఆపద తీరగానే దాన్ని మార్చి, ఏం చేశారో రాయించాలి. నెలకు నాలుగుసార్లు వాడే బ్రేక్‌గ్లాస్ ఖాతా ఆపద్ధర్మం కాదు, అమరికలోని లోపం.

చివరి మెట్టు ముగింపు, అందరూ తేలిగ్గా తీసుకునేది అదే. పూజ ముగిశాక ఆవాహన చేసిన దేవతకు ఉద్వాసన చెబుతారు. ఉద్యోగంనుంచి తీసేయడానికి కూడా ఆ మాటే వాడుకలోకి వచ్చింది. సంస్థను వదిలి వెళ్లినవారి ప్రవేశాలు అదే రోజు ప్లాట్‌ఫామ్‌లో మూతపడాలి కనుక ఆ అర్థమూ ఇక్కడ అతుకుతుంది. ఆర్‌డీపీలో కిటికీ మూస్తే సెషన్ ముగియదు. సంబంధం మాత్రమే తెగుతుంది. అవతలి సర్వర్‌లో ఆ ఖాతా లాగిన్ అయ్యే ఉంటుంది, తెరిచిన ప్రోగ్రాములు నడుస్తూనే ఉంటాయి. పాడుగుడిలో కాపలా లేకుండా వదిలిన దేహం లాంటిది అది. అదే యంత్రంలో సిస్టమ్ స్థాయి హక్కు సంపాదించినవాడు, విండోస్‌లోనే ఉండే టీఎస్‌కాన్ అనే చిన్న ఆదేశంతో, కొన్ని విండోస్ కూర్పుల్లో పాస్‌వర్డ్ అడగకుండానే ఆ సెషన్‌లోకి దిగిపోగలడు. అప్పుడు చిట్టాలో మొదటివాడి పేరే ఉంటుంది. పని ముగిశాక కిటికీ మూయడం కాకుండా సైన్ అవుట్ చేయాలి. మరిచిపోయేవారి కోసం, తెగిపోయిన సెషన్‌ను నిర్ణీత నిమిషాల తర్వాత ముగించేలా గ్రూప్ పాలసీలో గడువు పెట్టాలి. ఆ గడువు ఎవరూ పెట్టకపోతే విండోస్ సర్వర్ తెగిన సెషన్‌ను ఎంతకాలమైనా అలాగే ఉంచుతుంది.